వెర్నా హోగ్‌లండ్ మాలిమి నేర్చిన వేసవి

మా బిగ్ హోల్ లోయలో వెర్నా హోగ్‌లండ్‌ది రాతి గుండె అని పేరు. ఆ పేరు ఆమెకు ఒక్కరోజులో వచ్చింది.

నవంబరు నెల, నేల గడ్డకట్టి ఉంది. ఆమె మందలో పదకొండు ఆవులకు, నెలలు నిండకుండానే దూడలు ఈసుకుపోయే తెగులు ఉందని నెత్తురు పరీక్షలో తేలింది. పదకొండింటికి ఉంటే మొత్తం మందనీ కోతకు పంపేయాలని ప్రభుత్వ ఉత్తర్వు. మొత్తం రెండు వందల పద్నాలుగు. అయిదు పెద్ద లారీలు వచ్చాయి. చుట్టుపక్కల వాళ్లు సాయానికని వచ్చారు గానీ వాళ్లకు పని పడలేదు. వెర్నాయే ముందు నడిచి, గేట్లు తీసి, వేసి, ఒక్క కేక వెయ్యకుండా, ఒక్క ఆవు మీద కర్ర ఆనించకుండా మధ్యాహ్నానికల్లా అన్నింటినీ ఎక్కించింది. డ్రైవర్లకు కాఫీ పోసింది. లారీలు రోడ్డెక్కాక పార తీసుకుని దొడ్డి శుభ్రం చేసింది. కంట తడి లేదు, మాటలో వణుకు లేదు. చూసినవాళ్లు ఇళ్లకు వెళ్లి, ఆడమనిషి కాదమ్మా, రాయి అని చెప్పుకున్నారు. అందులో మెప్పే ఎక్కువ.

అప్పటికి ఆమెకు యాభై ఆరేళ్లు. తండ్రి చేతి నుంచి వచ్చిన మంద అది. మధ్యలో నాలుగేళ్లు కాపురం చేసింది. మొగుడు అలాస్కా చమురు బావుల్లో పనికని వెళ్లి అక్కడే ఉండిపోయాడు. ఆవులు పోయాక ఆమె పోస్టు బట్వాడా పనిలో చేరింది. వారానికి ఆరు రోజులు, రోజుకు తొంభై మైళ్లు, రోడ్డు పక్క డబ్బాల్లో ఉత్తరాలు వెయ్యడం. ఎవరైనా పలకరిస్తే బదులు చెప్పేది. ఎవరైనా జోకు వేస్తే ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వేది. ఏడుపు రాలేదు. ఏడవాలన్న కోరిక కూడా రాలేదు. ఇది బాధ అయితే బాధ ఇంత తేలికగా ఉంటుందా అని ఒకటి రెండుసార్లు అనుకుని, ఆ అనుకోవడం కూడా మానేసింది.

ఆ ఇంట మిగిలిన పెద్ద ప్రాణం టాన్సీ ఒక్కటే. ఎలుక రంగు ఆడగుర్రం, ఆవులు వెళ్లిన నాటికి నాలుగేళ్లది. జీను వెయ్యడం అప్పుడప్పుడే మొదలుపెట్టారు. ఆ రోజంతా అది కంచె అవతల నిలబడి చూసింది. మర్నాటి నుంచి వెర్నా చేతికి చిక్కడం మానేసింది. మనిషి ముప్పై అడుగుల దూరంలోకి వస్తే చాలు, తల తిప్పి వెళ్లిపోయేది. పరుగు కాదు, నడకే. అలా రెండేళ్లు గడిచాయి.

వెర్నా అక్క కూతురు జోలీన్ డిల్లన్‌లో పశువుల ఆసుపత్రిలో ఫోన్లు ఎత్తే పని చేస్తుంది. గుర్రాన్ని అమ్మేయమని ఆమే పోరింది. సామన్ అనే ఊరి నుంచి కొనడానికి ఒకాయన వచ్చాడు, వెంట ఇద్దరు మనుషులు, మూడు తాళ్లు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పచ్చిక మైదానమంతా తిరిగారు. చివరికి ఆయన టోపీ తీసి చెమట తుడుచుకుని, ఈ గుర్రాన్ని అమ్మే హక్కు మీకుందో లేదో ముందు దాన్నే అడగండమ్మా అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

దాంతో జోలీన్ ఇంకో దారి పట్టింది. రూబీ లోయలో మేవిస్ లకాస్ అనే ఆవిడ ఏటా జూన్‌లో ఆరు వారాలు గుర్రాల మాలిమి నేర్పుతుంది. కొట్టడం, కట్టి పడెయ్యడం లేకుండా, గుర్రం స్వభావం ఎరిగి నడిపించే పద్ధతి. ఎనిమిది మందినే తీసుకుంటుంది, ఎవరి గుర్రాన్ని వాళ్లే తెచ్చుకోవాలి.

"పేరు రాయించేశాను పిన్నీ. సెలవు కూడా నీ పోస్టాఫీసు వాళ్లతో మాట్లాడేశాను," అంది జోలీన్.

"నాకు గుర్రాలు కొత్తా?"

"కొత్త కాదు. ఉన్న ఒక్క గుర్రం నీ మొహం చూడటం లేదు, అదీ సంగతి."

వెర్నా సరే అంది. వద్దనడానికీ సరే అనడానికీ ఆమెకు అప్పట్లో పెద్ద తేడా లేదు. టాన్సీని ఇనుప తడికెల మధ్యకు తోలి, బండి వెనక తగిలించి లాగే ట్రెయిలర్‌లోకి ఎక్కించడానికి నలుగురు మగవాళ్లకు రెండు గంటలు పట్టింది.

మేవిస్‌కు అరవై రెండేళ్లు. పొట్టి మనిషి. ఏనాడో గుర్రం ఆమె మీద పడి ఎడమ తుంటి విరిగింది, నడిస్తే ఒక పక్కకు ఒరిగేది. చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర చిన్న గుడ్డ జెండా. ఎక్కువసేపు నిలబడలేక బోర్లించిన బకెట్ మీద కూర్చుని పాఠం చెప్పేది. మొదటిరోజు అందరినీ కంచె దగ్గర కూర్చోబెట్టి, గుర్రాలకు తను నేర్పబోయేది తక్కువేనని చెప్పింది. మీ చేతులకు పట్టుకోవడం పుట్టుకతో వచ్చు, వదలడమే రాదు, గుర్రం మీరు అడిగింది చెయ్యబోతోందన్న క్షణంలోనే పగ్గం వదిలెయ్యాలి, ఒక్క క్షణం ఆలస్యమైతే మీరు అబద్ధం చెప్పినట్టే అంది.

రెండోరోజు మనుషులనే గుర్రాలుగా ఆడించింది. ఒకరు కళ్లు మూసుకుని తాడు ఒక కొస పట్టుకోవాలి, ఇంకొకరు రెండో కొస పట్టుకుని మాటల్లేకుండా నడిపించాలి. వెర్నాకు జతగా స్పోకేన్ నుంచి వచ్చిన పళ్ల డాక్టరు ఆర్డెన్ ఫిప్స్ పడ్డాడు. మెత్తటి మనిషి, నలభై అయిదేళ్లవాడు, కొత్త బూట్లు. తాడు మాత్రం గట్టిగా లాగేవాడు.

"డాక్టరు గారూ, పన్ను పీకుతున్నారా, గుర్రాన్ని పిలుస్తున్నారా?" అంది మేవిస్ బకెట్ మీద నుంచి.

అందరూ నవ్వారు. ఫిప్స్ ఎర్రబడ్డాడు. వెర్నా మాత్రం అతను ఎటు లాగితే అటు నడిచింది. కుడికంటే కుడికి, వెనక్కంటే వెనక్కి. మిగతావాళ్లు మొరాయించారు, తూలారు, తిట్టుకున్నారు. ఆట అయ్యాక ఫిప్స్ తన గుర్రమే అందరికంటే మంచిదని గొప్పగా చెప్పాడు.

మేవిస్ వెర్నాను పక్కకు పిలిచింది. "బాగా నడిచాననుకుంటున్నావా?"

"లేదా?"

"గోడ మీదికి లాగినా వెళ్లేదానివి. మొండికేసే గుర్రంతో నాకు బెంగ లేదు. నీలాంటి గుర్రం వస్తేనే నాకు నిద్రపట్టదు."

వెర్నా అవునా అని తన గుర్రం వైపు నడిచింది.

అదే వారంలో ఇంకొకటి జరిగింది. టాన్సీ ఉన్నట్టుండి పరుగెత్తేసరికి తాడు వెర్నా అరచేతిలోంచి జారి చర్మం ఊడింది. అది ఎవరికీ తెలియదు. రెండురోజుల తర్వాత భోజనాల బల్ల దగ్గర రొట్టె అందుకుంటుంటే మేవిస్ కంటపడింది. ఎప్పుడైందని అడిగితే వెర్నా చేతిని తిప్పి చూసుకుని, తెలీదు అంది. నిజంగానే తెలియదు. మేవిస్ మందు రాసి కట్టు కట్టింది.

ఫిప్స్ తెచ్చిన గుర్రం పేరు బిషప్. పద్నాలుగేళ్ల ఎర్రటి మగగుర్రం. దాని పొట్ట కింద గొడుగు తెరిచినా కదలదని, పిల్లలు తోక పట్టుకుని వేలాడినా ఊరుకుంటుందని ఫిప్స్ వచ్చిన రోజు నుంచీ చెప్తూనే ఉన్నాడు. రెండోవారం మేవిస్ దాన్ని గుండ్రటి దొడ్డి మధ్య నిలబెట్టింది. జెండా కర్రను దాని చెవి పక్కన టపటపలాడించింది. బిషప్ కదల్లేదు. వెనక నుంచి రేకు డబ్బా దొర్లించింది. కదల్లేదు. ఫిప్స్ కంచె మీద చేతులు ఆనించి మురిసిపోతున్నాడు.

మేవిస్ అరచేతిని దాని కంటి ముందుకు తెచ్చింది. రెప్ప పడింది, కానీ ఆలస్యంగా.

"ఇది నిమ్మళం కాదు డాక్టరు గారూ," అంది. "ఎవరో ఎప్పుడో దీన్ని ఎటూ పోనివ్వకుండా కట్టి, భయపెట్టి, భయపెట్టి నేర్పారు. పారిపోయే దారి లేక ఇది లోపలికెళ్లి గడియ పెట్టుకుంది. మీరు కొన్నది గుర్రం బయటి గోడలే."

ఫిప్స్‌కు ఆ మాట రుచించలేదు. మిగతావాళ్లు బిషప్‌ను చూశారు, వెర్నా కూడా చూసింది. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లాక ఆమె ఒక్కతే వెనక్కి వచ్చి ఆ గుర్రం పక్కన నిలబడింది. దాని కంట్లో ఆమె టోపీ, వెనకాల కొండ కనిపిస్తున్నాయి. కన్ను మాత్రం ఆమెను చూడలేదు. అరగంటసేపు అక్కడే ఉంది.

టాన్సీ సంగతి దీనికి తలకిందులు. అది లోపల నుంచి బయటిదాకా మేలుకునే ఉంది. వెర్నా గేటు తీసి లోపలికి రాగానే చెవులు నిక్కేవి, మెడ బిగుసుకునేది, అవతలి కొసకు వెళ్లి నిలబడేది. వెర్నా తొందరపడేది కాదు, గొంతు పెంచేది కాదు. మేవిస్ చెప్పినట్టే ఎదురుగా కాకుండా వంకరగా నడిచేది, చెప్పినట్టే నేల చూసేది. పది రోజులైనా ముప్పై అడుగులు ముప్పై అడుగులుగానే ఉన్నాయి.

మేవిస్ ఒక పొద్దంతా బకెట్ మీద కూర్చుని చూసి, చివరికి అడిగింది. "గేటు గడియ తీసిన దగ్గర్నుంచి ఎన్నిసార్లు ఊపిరి పీల్చావు?"

"చూసుకోలేదు."

"నేను చూశాను. నిండుగా ఒక్కసారీ లేదు. గడియ మీద చెయ్యి పడగానే బిగబట్టావు, బయటికొచ్చి గడియ వేశాకే వదిలావు. ఎలకని పట్టేముందు పిల్లి అలా ఉంటుంది. గొంతు మెత్తగా, నడక మెల్లగా, ఊపిరి లేకుండా. ఇంక టాన్సీ నీ దగ్గరికి ఎలా వస్తుంది?"

వెర్నా గేటు వైపు చూసింది. తను ఊపిరి బిగబడుతున్నట్టు ఆమెకు తెలియనే తెలియదు. ఎప్పటి నుంచి అని కూడా ఆమె అడగలేదు, మేవిస్ కూడా అడగలేదు.

తర్వాత రెండురోజులు ఆమె పాఠం గేటుతోనే. గుర్రం లేని ఖాళీ దొడ్డి. గడియ మీద చెయ్యి వెయ్యాలి, ఊపిరి వదలాలి, తియ్యాలి, నడవాలి, వదలాలి, వెయ్యాలి. నలభైసార్లు, మళ్లీ నలభైసార్లు. పక్క దొడ్లలో వాళ్లు జీనులు వేసి తిరుగుతుంటే ఈమె గేటుతో కుస్తీ పడుతోంది. నెబ్రాస్కా నుంచి వచ్చిన ఒక అమ్మాయి, గేటు మాలిమి అయిందా ఆంటీ అని ఆటపట్టించింది. ఇంకా కరుస్తోంది అంది వెర్నా. పిల్ల పకపకా నవ్వింది.

మూడోవారం గురువారం నాడు టాన్సీ అడుగు వేసింది. వెర్నా దొడ్డి మధ్యలో నిలబడి ఉంది. గుర్రం చెవి తిరిగింది, తర్వాత తల. మేవిస్ చెప్పినట్టే వెర్నా వెంటనే వీపు తిప్పేసి ఊపిరి వదిలింది. వెనక మట్టి మీద గిట్టల చప్పుడు వినిపించింది, ఆగింది, మళ్లీ వినిపించింది. వెచ్చటి గాలి మోచేతికి తగిలింది. టాన్సీ ఆమె చొక్కా వాసన చూస్తోంది. ఆమె తలతాడు తొడిగింది. రెండేళ్ల ఏడు నెలల తర్వాత అదే మొదటిసారి.

కంచె దగ్గర ఫిప్స్ కళ్లు తుడుచుకున్నాడు. నెబ్రాస్కా పిల్ల చప్పట్లు కొట్టబోతే మేవిస్ కర్రతో ఆపింది. సంతోషపడాల్సిన చోటు ఇదేనని వెర్నాకు తెలుసు. కాసేపు ఎదురుచూసింది. రాలేదు. గుర్రాన్ని నీళ్ల తొట్టి దగ్గరికి నడిపించుకుని వెళ్లింది.

నాలుగోవారం బిషప్ కరిచింది. అప్పటికి పదిరోజులుగా మేవిస్ ఫిప్స్ చేత దాన్ని ఏమీ అడగకుండా ఉండే పని చేయిస్తోంది. పక్కన కూర్చోవడం, అది రెప్ప వేస్తే దూరంగా జరగడం, పెదవి కదిపితే చెయ్యి వెనక్కి తియ్యడం. ఒక పొద్దున జీను పట్టెడ బిగిస్తుంటే అది మెడ తిప్పి అతని భుజం పట్టుకుంది. మర్నాడు వెనక కాలు విసిరింది. ఫిప్స్ కోపంతో మేవిస్ మీదికి వచ్చాడు. మంచి గుర్రాన్ని తెస్తే చెడగొట్టారు, రేపు నా పిల్లల్ని దీని మీద ఎలా ఎక్కించను అన్నాడు.

"చెడిపోలేదు, బయటికొచ్చింది," అంది మేవిస్. "ఎన్నేళ్ల నుంచో చెప్పుకోని ఫిర్యాదులున్నాయి దాని దగ్గర. మొదటిది మీ భుజం మీద రాసింది. ఓపికుంటే మిగతావి కూడా విందాం. లేదంటే మళ్లీ లోపలికి తోసెయ్యడం పది నిమిషాల పని. మీరే చెప్పండి."

ఫిప్స్ సాయంత్రం దాకా బిషప్ దొడ్డి దగ్గరే కూర్చున్నాడు. భోజనాల దగ్గర వెర్నా పక్కన కూర్చుని, తన దగ్గరికి వచ్చే రోగుల గురించి చెప్పాడు. సూది మందుకు దవడ మొద్దుబారి ఉన్నంతసేపు వాళ్లు తమ పెదవి తామే కొరుక్కుంటారట, నెత్తురొస్తున్నా తెలియదట. మొద్దు వదిలేటప్పుడు మాత్రం నన్ను తిట్టుకుంటారండీ, అన్నాడు. వెర్నా బీన్స్ వడ్డించుకుంటూ విన్నది.

అయిదోవారం ట్రెయిలర్ పాఠం. ఇంటికి వెళ్లాలంటే గుర్రం దానంతట అది ఎక్కాలి. తొయ్యడానికి మనుషులుండరు. వెర్నా టాన్సీని ట్రెయిలర్ దగ్గరికి తెచ్చింది. చెక్క నేల, లోపల చీకటి. గుర్రాలకు వెలుగు నుంచి చీకట్లోకి అడుగుపెట్టడం కష్టం. అందుకని మనిషి ముందు ఎక్కి, లోపల నిలబడి, పగ్గం వదులుగా పట్టుకుని పిలవమంది మేవిస్.

వెర్నా ఎక్కింది. తిరిగి నిలబడింది. టాన్సీ ముందుకు సాగి, మెడ చాచి, ఒక కాలు చెక్క మీద పెట్టింది. ఆ చప్పుడుకు వెర్నా చెయ్యి ఆగిపోయింది. గుర్రం ఇంకో కాలు పెట్టబోతోంది. అది ఎక్కేస్తోంది. రెండేళ్లుగా ఎవరి మాటా వినని గుర్రం ఆమె ముందు నిలబడిందన్న ఒక్క కారణంతో ఎక్కేస్తోంది.

"వద్దు," అంది వెర్నా. పైకే అంది. పగ్గం కింద పడేసింది.

టాన్సీ వెనక్కి దిగి నిలబడింది. మేవిస్ కుంటుకుంటూ వచ్చి ట్రెయిలర్ అంచున కూర్చుంది. వెర్నాయే ముందు మాట్లాడింది. ఉత్తరాల మీద చిరునామా చదువుతున్నట్టే ఉంది ఆ గొంతు.

"ఓల్గా అని మా పెద్దావు. అది ఎటు వెళ్తే మంద అటు వచ్చేది. లారీ బల్ల ఎక్కనని నిలబడింది. అదెప్పుడూ లారీ ఎక్కలేదు. నేను ముందెక్కి పిలిచాను. నేను పిలిస్తే రాకపోవడమనేది దానికి తెలీదు. వచ్చింది. దాని వెనక అన్నీ వచ్చాయి. అందరూ చూసి, ఒక్క దెబ్బ లేకుండా ఎంత బాగా ఎక్కించావు అన్నారు."



"కర్రతో తోలాల్సింది," అంది వెర్నా. "కనీసం అప్పుడు వాటికి తెలిసుండేది."

"ఊఁ," అంది మేవిస్. "ఈ రోజుకి గుర్రాన్ని వదిలెయ్. పచ్చికలోకి పంపెయ్. రేపు నువ్వు ముందెక్కొద్దు. పక్కన నిలబడు. అది ఎక్కితే ఎక్కుతుంది, లేకపోతే లేదు. వద్దనుకునే వీలు దానికి ఉండనీ."

వెర్నా గుర్రాన్ని వదిలి గదిలోకి వెళ్లి బూట్లతోనే పడుకుంది. చెప్పేస్తే బరువు దిగుతుందంటారు. ఆమెకు ఏదీ దిగినట్టు లేదు. కానీ మధ్యాహ్నం ఒంటి గంటకు పడుకున్న మనిషి అయిదు దాకా లేవలేదు.

ఆఖరిరోజు అందరి బంధువులూ వచ్చారు. ఫిప్స్ బిషప్ మీద ఎక్కలేదు, పక్కన నడిచాడు. గుర్రం రెండుసార్లు అతని టోపీ లాగింది. అతని పిల్లలు కిలకిలా నవ్వారు. టాన్సీ ట్రెయిలర్‌లో ముందు కాళ్లు రెండూ పెట్టి, అలాగే నిలబడి, వెనక్కి దిగింది. చాలంది మేవిస్. జోలీన్ ఆ రాత్రికి అక్కడే ఆగింది. మర్నాడు పొద్దున వెర్నా తలుపు పక్కన నిలబడి పగ్గం వదులుగా పట్టుకుని లద్ది వైపు, ఆకాశం వైపు చూస్తూ ఉంది. మూడోసారికి టాన్సీ తనంత తను ఎక్కి, లోపల ఉన్న ఎండుగడ్డి పీక్కుంది. దారిలో ఎలా ఉంది పిన్నీ అని జోలీన్ అడిగితే బాగుంది అంది. ఎప్పుడూ అనే బాగుందే అది.

మొద్దుబారినతనం వదిలిందా అంటే, ఆగస్టులో ముందు వచ్చింది కోపం. పోస్టు డబ్బా దగ్గర ఒకాయన, నీ గుండె రాయి వెర్నా, మాకు అంత ధైర్యం లేదు అన్నాడు. రెండున్నరేళ్లుగా వంద మంది అన్న మాటే. ఆమె కారు దిగి, పావుగంటసేపు రోడ్డు మీద నిలబెట్టి అతన్ని దులిపేసింది. తర్వాత చర్చి పెద్దను, ఆ తర్వాత పోస్టు మాస్టరును. పిన్నికి మతి చలించిందేమోనని జోలీన్ భయపడి మేవిస్‌కు ఫోన్ చేసింది. అవతల మేవిస్ తృప్తిగా నవ్వి, ఎవరినైనా కరిచిందా అని అడిగింది.

ఆ తర్వాత తొమ్మిది వేసవులు వెర్నా రూబీ లోయకు వెళ్లింది, ఈసారి మేవిస్‌కు సాయంగా. బిషప్ లాంటి గుర్రాలు వస్తే ఆమె చేతికే ఇచ్చేవారు. వాటి పక్కన గంటలు గంటలు కూర్చోవడానికి ఆమెకు విసుగు ఉండేది కాదు. మిగతా కాలం పోస్టు పనే. టాన్సీ మీద జీను వేసి తిరిగేది, దొరకనన్న రోజున మానుకునేది.

ఆవులు మళ్లీ పెట్టలేదు. పచ్చిక మైదానాలను ఒక కుర్ర జంటకు కౌలుకిచ్చింది. వాళ్ల ఆవులు వచ్చిన మొదటి చలికాలం ఆమె ఆ వైపు కిటికీకి తెర దించి ఉంచింది. నాలుగో వసంతంలో ఒకరోజు తెల్లవారాక ఆ కుర్రామె పరుగున వచ్చింది. మొగుడు ఊళ్లో లేడు, ఒక తొలిచూలు ఆవుకు దూడ అడ్డం తిరిగింది, పశువుల డాక్టరు రావడానికి రెండు గంటలు. వెర్నా చొక్కా చేతులు మడుచుకుంటూ వెళ్లింది. భుజం దాకా చెయ్యి పెట్టి, దూడ కాళ్లు తడిమి, సవరించి, ఆవు నొప్పి పడ్డప్పుడల్లా లాగి, ఆగినప్పుడల్లా వదిలి, ముప్పావు గంటకు బయటికి తీసింది. బతికింది. కోడెదూడ. ఆవు దాన్ని నాకుతుంటే వెర్నా గడ్డిమీద కూర్చుండిపోయింది. నీళ్లు తెచ్చిన కుర్రామె కన్నీళ్లతో తడిసిన ఆమె మొహం చూసి, గిన్నె పక్కన పెట్టి అవతలికి వెళ్లింది.

మర్నాడు పోస్టు బట్వాడా ముగిశాక వెర్నా మళ్లీ అక్కడికి వెళ్లింది. ఎవరూ పిలవలేదు.